చుట్టరికం రాయాల్సిన గడి

నా దగ్గర నాలుగు కిలోల వెండి ఉంది. అందులో ఒక్క గ్రాము కూడా నేను కళ్ళతో చూడలేదు. ముంబయిలోనో ఇంకెక్కడో ఒక గట్టి గదిలో కడ్డీలుగా పేర్చి ఉంటుందట. నాకు ఫోన్‌లో ఒక అంకె కనిపిస్తుంది, అంతే. పొద్దున తొమ్మిదింబావుకు ఆ అంకె కదలడం మొదలుపెడుతుంది, మధ్యాహ్నం మూడున్నరకు ఆగిపోతుంది. శని, ఆదివారాలు అసలు కదలదు. ఆ రెండు రోజులూ నాకు ఏమీ తోచదు. పొద్దెలా పోతుందమ్మా అని ఎవరైనా అడిగితే జపమాల చెప్పుకుంటానంటాను గానీ, నిజానికి చూసుకునేది వెండి ధర.

నా పేరు ఆరోగ్యమ్మ. అరవై మూడేళ్ళు. ఏఎన్ఎంగా ముప్పై నాలుగేళ్ళు చేశాను. అందులో ఇరవై ఆరేళ్ళు భద్రాచలం అడవి అంచున చీమలగుంపు సబ్‌సెంటర్‌లోనే గడిచాయి. రిటైరయ్యాక తల్లాడలో రెండు గదులు కిరాయికి తీసుకుని ఉంటున్నాను. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకు తలా ఒక జవాబు చెప్పాను. ఇప్పుడు అడిగేవాళ్ళు లేరు. నాకు నోరు ఎక్కువని డిపార్ట్‌మెంట్‌లో పేరు. పచ్చి బాలింత పొలం పోతానంటే తిట్టకుండా బుజ్జగిస్తూ కూర్చుంటే పనవుతుందా? తిట్టాను. తిట్టి బతికించాను. దానికి నేనేం సిగ్గుపడను.

వెండి సంగతికి వస్తాను. ఖమ్మం చుట్టుపక్కల చేతిలో నాలుగు రూకలు ఆడితే ఎవరైనా చేసే పని ఒకటే. మిర్చి చవగ్గా ఉన్నప్పుడు బస్తాలు కొని, కోల్డ్ స్టోరేజీలో పెట్టి, ధర లేచేదాకా కాచుకోవడం. టీచర్లు చేస్తారు, కానిస్టేబుళ్ళు చేస్తారు. రిటైరైన డబ్బులో కొంత పెట్టి నేనూ చేశాను. కిషన్‌లాల్ అనే వ్యాపారి ద్వారా అరవై బస్తాల తేజ మిర్చి కొన్నాను. నెలకోసారి చూసిరావడానికి వెళ్ళేదాన్ని. చీటీ చూపిస్తే హమాలీ నా బస్తాల్లోంచి ఒకటి లాగి, మూల విప్పి, గుప్పెడు కాయలు చేతిలో పోసేవాడు. రంగు చూసి, ఒక కాయ విరిచి, నాలుగు తుమ్ములు తుమ్మి బస్సెక్కేదాన్ని. ఆ ఏడు ధర లేవలేదు. పైగా ఇంకా కిందికి జారింది. స్టోరేజీ కిరాయి మాత్రం ఎవరూ వదులుకోరు కదా. వచ్చినకాడికి అమ్మేసి చేతులు దులుపుకున్నాను.

మా చర్చిలో గిటారు వాయించే క్రాంతికుమార్‌కు ఖమ్మంలో షేర్ల ఆఫీసు ఉంది. ముప్పై ఏళ్ళు దాటాయో లేదో, మాట మాత్రం నెమ్మది. పూజ అయ్యాక చెట్టు కింద నిలబెట్టి చెప్పాడు.

"ఆంటీ, మీకు సరుకు మీద పెట్టుడే ఇష్టమైతే వెండి ఈటీఎఫ్ తీసుకోండి."

"గదేంది?"

"కోల్డ్ స్టోరేజీ లెక్కనే అనుకోండి. కంపెనీ వాళ్ళు మనందరి పైసలు జమచేసి వెండి కొని దాస్తరు. మనకు యూనిట్లు ఇస్తరు. ఒక్క యూనిట్ అంటే దగ్గర దగ్గర ఒక గ్రాము. షేర్ల లెక్క ఫోన్‌లనే కొనొచ్చు, అమ్మొచ్చు. పురుగు పట్టదు, రంగు పోదు. ధర మాత్రం పెరుగుతది, తగ్గుతది. అది నా చేతిల లేదు."

"కిరాయి?"

"ఉంటది. ఏడాదికి వందకు అర్ధరూపాయి చొప్పున. మనల్ని అడగరు, ధరల్నే కోసుకుంటరు."

"చీటీ ఇస్తరా?"

"డీమ్యాట్ అకౌంటే చీటీ."

"శాంపిల్ చూడనిస్తరా?"

అతను నవ్వాడు. నేను నవ్వలేదు. చూడని సరుకును నా సరుకని ఎలా అనుకోవాలో నాకు అర్థం కాలేదు. "చూడనియ్యరు ఆంటీ. మనకొచ్చేది వెండి ధర. కడ్డీ ఇంటికి రాదు," అన్నాడు. అడవిలో కుర్చీ కూడా లేని చోట పురుళ్ళు పోసినదాన్ని, దీనికి భయపడతానా అనుకుని కొన్నాను.

వెండి లేచింది. ఎంత లేచిందంటే, రెండేళ్ళు తిరక్కుండా రెట్టింపు దాటిపోయింది. లేచిన రోజున వేంసూరులో ఉన్న మా అన్న ఆంథోనికి ఫోన్ చేసేదాన్ని. వదిన పోయింది, పిల్లలు లేరు, వాడిదీ నాలాంటి బతుకే. "లేచింది అన్నా" అంటే "మళ్ళ పడ్తదిలే" అనేవాడు. పడిన రోజు ఫోన్ చేస్తే "నే చెప్పలే?" అనేవాడు. ఎటైనా గెలుపు వాడిదే. నవంబరులో వాడూ పోయాడు. ఆ మరుసటి వారం వెండి బాగా లేచింది. ఫోన్ పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. నాలుగు కిలోల వెండి లేస్తే చెప్పుకోవడానికి ఒక్క మనిషి లేదు. అంత ఒంటరితనం నాకు అడవిలో కూడా తెలియదు.

జనవరిలో క్రాంతికుమార్ పిలిచి ఒక ఫారం చేతిలో పెట్టాడు. ఖాతాలో నామినీగా మా అన్న పేరుంది, మార్చాలి. నా తర్వాత ఆ వెండి ఎవరు వచ్చి అడగాలో వాళ్ళ పేరు రాయాలి. పేరు, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు, ఆధార్ కార్డు కాపీ. మధ్యలో ఒక గడి, చుట్టరికం.

"ఎవ్వరు లేకుంటే?" అన్నాను.

"ఎవరో ఒకరు ఉంటరు కదా ఆంటీ," అన్నాడు. పెళ్ళయి ఇద్దరు పిల్లలున్నవాడు అలాగే అంటాడు.

ఫారం బల్ల మీద తొమ్మిది రోజులు ఉంది. చర్చికి రాసివ్వొచ్చు కదా అని మీరనొచ్చు. ఫారంలో అడిగింది మనిషి పేరు. మనిషి పేరే రాయాలని నాకు పంతం పట్టింది. నేను కడుపులోంచి బయటికి తీసిన పిల్లలు ఎనిమిది వందల పైచిలుకు. వాళ్ళందరి పుట్టిన తేదీలూ, వేళలూ నా నోట్‌బుక్కుల్లో ఉన్నాయి. అందులో ఒక్క పేరు నాకు పనికిరాదా అనుకున్నాను. నిజానికి నోట్‌బుక్కులు తీయకముందే ఆ పేరు నాకు తెలుసు.

చీమలగుంపులో నాగక్క అని ఉండేది. తొంభై ఎనిమిది మే నెల, బీడీలు చుట్టే తునికాకు ఏరే రోజులు. ఆకు కట్టలు ఆరబెట్టిన కల్లంలోనే నాగక్కకు నొప్పులొచ్చాయి. పందొమ్మిదో తేదీ, పగలు పదకొండు గంటలకు ఆడపిల్ల పుట్టింది. నాగక్కకు రక్తం ఆగలేదు. ట్రాక్టర్లో భద్రాచలం దవాఖానాకు పంపించాం. నెల దాటినా తిరిగి రాలేదు. పిల్ల తండ్రి పోతయ్య నాగక్క దగ్గర ఉండిపోయాడు. పిల్ల నా దగ్గర ఉండిపోయింది. నలభై రోజులు. పక్కింటి మేకపాలు కాచి, నీళ్ళు కలిపి, ఉగ్గుగిన్నెతో పోసేదాన్ని. డాక్టరు చూస్తే నన్నే తిట్టేవాడు. పిల్లకు యశోద అని పేరు పెట్టింది నాగక్క వచ్చాకే, నేను మాత్రం ఆ నలభై రోజులూ ఇంకేదో పేరుతో పిలుచుకున్నాను. ఆ పేరు ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను.

నాగక్క వచ్చి పిల్లను తీసుకుని, చేతి వెండి కడియం తీసి నా ముందు పెట్టింది. "ఆకు పైసలు రాంగనే అప్పులోనికి ఇయ్యాలె, ఇదెందుకు నాకు, తీయ్" అని కసిరాను. తీసుకుంటే ఏడుపొచ్చేది. అందుకని కసిరాను. ఆ తర్వాత ఆ పిల్లకు సూదులు వేశాను, చుక్కలు వేశాను, పెళ్ళయ్యాక దాని మొదటి కాన్పు నేనే చూశాను. ఎప్పుడూ ఒక ఏఎన్ఎం చేయాల్సినంతే చేశాను. అంతకు మించి చేస్తే పిల్ల నాది కాదన్న సంగతి గుర్తొస్తుందని భయం.

ఫారంలో పేరు యశోద అని రాశాను. పుట్టిన తేదీ ఒక్కటే తడుముకోకుండా నింపాను. చుట్టరికం దగ్గర ఆగాను. కింద చిన్న అక్షరాల్లో అచ్చువేసి ఉన్నాయి: భార్య, భర్త, కొడుకు, కూతురు, తల్లి, తండ్రి, తోబుట్టువు, ఇతరులు. ఎంచుకోవాలి. ఇతరులు అని రాశాను. దాని కాన్పప్పుడు స్కీము డబ్బుల కోసం తీసుకున్న ఆధార్ జిరాక్సు ఒకటి నా ఫైల్లో ఉంటే జతచేసి పంపాను. దాన్ని ఒక్కమాట అడగాలని నాకు తోచలేదు. అడగకుండా మంచి చేయడం నాకు మొదటి నుంచీ అలవాటు.

వారానికి క్రాంతికుమార్ ఫోన్. "ఆంటీ, తేదీ కలుస్తలేదు. కార్డుల జనవరి ఒకటి, తొంభై ఆరు అని ఉంది. మీరు మే అని రాసిన్రు."

"కార్డే తప్పు. నేను పక్కనే ఉన్న. నా చేతుల పుట్టింది."

"అవ్ ఆంటీ, కానీ వాళ్ళకు కార్డే లెక్క. కార్డుల ఉన్న తేదీ వెయ్యండి. జిరాక్సు కూడ మసకగ ఉంది, కొత్తది కావాలె. ఫోన్ నంబర్ కూడ."

"తప్పు తేదీ నేను రాయ. ఆ పిల్లతోటి కార్డే మార్పిస్త," అని పెట్టేశాను. ఒక గీత కొట్టి తేదీ మార్చేస్తే పోయేదానికి నేను కొత్తగూడెం బస్సెక్కి, అక్కణ్ణుంచి ఇంకో బస్సు, ఆపైన ఆటో పట్టుకుని చీమలగుంపు వెళ్ళాను. ఎనిమిదేళ్ళ తర్వాత. నాగక్క పోయినప్పుడు కబురందింది, మోకాళ్ళ నొప్పులని వెళ్ళలేదు. ఈసారీ మోకాళ్ళు అవే.

సబ్‌సెంటర్‌కు కొత్త రంగు వేశారు. లోపల కొత్త పిల్ల ఎవరో ట్యాబ్‌లో ఏదో కొట్టుకుంటోంది. నన్నెవరని అడిగితే, నీ కుర్చీలో ఇరవై ఆరేళ్ళు కూర్చున్నానని చెప్పాలనిపించింది. చెప్పకుండా ముందుకు పోయాను. పోతయ్య ఇంటి ముందు కూర్చుని చింతపండు కొట్టి గింజ తీస్తున్నాడు. చూపు మందగించింది. గొంతు పట్టి గుర్తుపట్టాడు.

"సిస్టరమ్మా. నువ్వు బతికే ఉన్నవా?"

"నీకంటె ముందు పోతననుకున్నవా? యశోద ఏది?"

మంచం వాల్చాడు. చెంబుతో నీళ్ళు తెచ్చాడు. నేను అలవాటుగా సంచీలోంచి నా సీసా తీసి తాగాను. డ్యూటీలో ఎవరి ఇంట్లోనూ నీళ్ళు తాగేదాన్ని కాదు, కాచి తాగమని చెప్పేదాన్నే కదా. పోతయ్య చెంబు కింద పెట్టి, తన చేతులు తుడుచుకుని కూర్చున్నాడు.

"మిరపకోతకు పోయింది. పెనిమిటి, పిల్లగాడు అందరు పోయిన్రు. ఉగాది దాంక రారు."

"ఎటు దిక్కు?"

"మీ తల్లాడ కాడనే. మూడేండ్ల సంది గా ఆసామి చేన్లకే పోతరు. నీకు తెల్వదా?"

నాకు తెలియదు. మా ఇంటి గేటు ముందు నుంచే పొద్దున్నే కూలీల ట్రాక్టర్లు పోతాయి. మొహాలకు గుడ్డలు చుట్టుకుని, కళ్ళు మాత్రం కనపడేలా ఆడవాళ్ళు నిలబడి ఉంటారు. మూడు మిర్చి కాలాలు వాళ్ళను చూస్తూనే పళ్ళు తోముకున్నాను. ఆ ఆసామి ఎవరో, చేను ఎక్కడో అడిగి తెలుసుకున్నాను. పోతయ్య దగ్గర ఇంకేం మాట్లాడానో గుర్తు లేదు. తిరుగు బస్సులో సీటు దొరికింది. ఆరు కిలోమీటర్ల దూరంలో ఉండి, మూడేళ్ళలో ఒక్కసారి నా గడప తొక్కలేదన్న కోపంతో తల్లాడ దాకా వచ్చాను.

మర్నాడు పొద్దున్నే ఆటో మాట్లాడుకుని ఆ చేనికి వెళ్ళాను. కనుచూపు మేర ఎర్రగా పండి ఉంది. ఇరవై మంది ఆడవాళ్ళు సాళ్ళలో వంగి కోస్తున్నారు. అందరికీ మొహాలకు గుడ్డలే. గట్టు మీద నిలబడి ఇందులో నా పిల్ల ఏదా అని వెతికాను. పోల్చుకోలేకపోయాను. దాని నడుము మీద పుట్టుమచ్చ ఎక్కడుందో చెప్పగలను, దాని కళ్ళు గుర్తుపట్టలేకపోయాను.

"సిస్టరమ్మా," అని ఒకామె తలెత్తింది. "ఏంది, గీడిదాంక వచ్చినవ్?"

"నీ కోసమే. నీ ఆధార్ కార్డు కావాలె."

పక్క సాలులో చేతులు ఆగాయి. యశోద ఒడిలోని కాయలు గంపలో పోసింది.

"ఎందుకు?"

"పనుంది."

"నిరుడు ఒకాయన గిట్లనే పనుందని మా గుంపుల కార్డులు పట్టుకపోయిండు. నలుగురి పేర్ల మీద లోన్లు ఎత్తిండు."

"నేను గట్లాంటి దాన్నా?"

"నువ్వని కాదు. అందర్ని అడుగుతం." మళ్ళీ కోతలోకి వంగింది.

దాని వెంట సాలు పక్కనే నడిచాను. మిర్చి ఘాటుకు కళ్ళు మండుతున్నాయి. వెండి మాట ఎత్తితే కార్డు వెంటనే ఇస్తుందేమో. అది నాకు ఇష్టం లేదు. ఏం లేకుండా, నేను అడిగాను కాబట్టి ఇవ్వాలి. పెంచని పిల్ల మీద అంత ఆశేంటని ఎవరైనా నవ్వొచ్చు. నాకప్పుడు అదే కావాలి.

"ముందు నీ కార్డుల తేదీ మార్పించాలె," అన్నాను. "నువ్వు పుట్టింది మే పందొమ్మిది, తొంభై ఎనిమిది. పగలు పదకొండు గంటలు. జనవరి ఒకటి కాదు."

"మా గుంపుల అందరం జనవరి ఒకటినే పుట్టినం," అంది. ఆడవాళ్ళు నవ్వారు.

"మీ అమ్మ సక్కగ చెప్పాలె కద."

"అమ్మకేం తెలుసు తారీకులు. నన్ను బడిల ఏసేటప్పుడు నీ కాడికే వచ్చింది కాయితం కోసం. రెండుమాట్లు వచ్చింది. రిజిస్టర్ రాస్తున్న, మళ్ళ రా పో అన్నవంట. మూడోమాటు రాలె. సారు ఆయనకు తోచింది రాసుకున్నడు. గదే కార్డులకు ఎక్కింది."

నాకు గుర్తు లేదు. అబద్ధమని అనలేను, అవి నా మాటలే. నెలాఖరున ఎంతమందికి ఆ మాట చెప్పానో లెక్కలేదు. ఆ తేదీ నాకు ఒక్కదానికే తెలుసని ఇన్నాళ్ళూ గొప్ప పడుతున్నాను. దాన్ని ఒక కాగితం మీద రాసి ఇవ్వడానికి నాకు రెండు నిమిషాలు పట్టేది.

ఇక వెండి సంగతి చెప్పేశాను. కొన్నది, లేచింది, అన్న పోయింది, ఫారం వచ్చింది, అంతా. వింటూనే కోసింది.

"నామినీ అంటే ఏంది?"

"నేను పోయినంక వచ్చి, ఆ వెండి పైసలు తీసుకునే మనిషి."

అప్పుడు నడుము ఎత్తి నిలబడి, మొహం మీది గుడ్డ కిందికి లాక్కుంది. నాగక్క మొహమే. చెమటకు బుగ్గలు ఎర్రబారి ఉన్నాయి.

"నువ్వు సచ్చినంక రమ్మంటున్నవ్," అంది మెల్లగా. "బతికున్నప్పుడు ఒక్కమాటన్న రమ్మన్నవా సిస్టరమ్మా?"

"నువ్వు ఈడ ఉన్న సంగతి నాకు ఎట్ల తెలుస్తది? మూడేండ్లల్ల ఒక్కసారి రాలె నువ్వు."

"వచ్చిన. మొదటి ఏడు. పిల్లగానికి జరం ఎక్కువుంటె ఎత్తుకొని నీ గేటు కాడికి వచ్చిన. మొకానికి గిదే గుడ్డ. తీస్తుంటె, దూరం నిలబడు, దగ్గుతున్నడు అన్నవ్. గేట్లకెంచే పిల్లగాని నాలిక చూసినవ్, కళ్ళు చూసినవ్. మందు సీసా ఇచ్చినవ్. పైసలు వద్దన్నవ్. మంచిగనే చూసినవ్, తెల్లారేటాళ్ళకు జరం తగ్గింది. నా మొకం చూడలే."

"నేను యశోదను అని చెప్పొద్దా?"

"చెప్దామనే వచ్చిన. నువ్వు తలుపేసుకున్నవ్."

జ్వరంతో వచ్చే కూలీల పిల్లలకు గేటు దగ్గరే మందిస్తాను. అందరికీ ఇస్తాను, ఎవరినీ పేరు అడగను. అది నా మంచితనం అనుకుంటూ వచ్చాను. ఆ రోజు ఏ పిల్లవాణ్ణి చూశానో ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు.  సంచీలోంచి ఫారం తీశాను.

యశోద చేయి చాచింది. "గా కాయితం చూపెట్టు." ఏడో తరగతి దాకా చదివింది. వేలు పెట్టి తన పేరు పట్టుకుంది. పేరు పక్క గడి మీద వేలు ఆపింది.

"గిదేంది?"

"చుట్టరికం. నువ్వు నాకు ఏమైతవో రాయాలె."

"ఏమని రాసినవ్?"

"ఇతరులు."

ఆ అక్షరాల మీద వేలు జరిపి చదువుకుంది. కోపం లేదు. ఉంటే బాగుండేది.

"సరిగ్గనే రాసినవ్," అంది.

ఫారం తిరిగి ఇచ్చి, చేలకు ఆ పక్కన వేసుకున్న డేరాల దగ్గరికి వెళ్ళింది. ప్లాస్టిక్ కవర్లో చుట్టిన కార్డు తెచ్చింది. చేతులకు మిర్చి ఉందని కార్డును కొంగుతో పట్టుకుని నా ఫోన్ ముందు పెట్టింది. "ఫోటో కొట్టుకో. నంబర్ చెప్త, రాసుకో. నీకు పని పడ్డదని ఇస్తున్న. ఆ వెండి సంగతి నాకొద్దు, నీ ఇష్టం." నేను కోరుకున్నట్టే, వెండి కోసం కాకుండానే ఇచ్చింది. గేటు దగ్గర నేను మందు సీసా ఇచ్చినట్టు ఇచ్చింది.

ఫోటో తీసుకున్నాను. నంబరు రాసుకున్నాను. అక్కడితో వచ్చేయొచ్చు. రాలేదు. "ఆదివారం ఇంటికి రా," అన్నాను. ఆ మూడు ముక్కలు బయటికి రావడానికి ఇరవై ఏడేళ్ళు పట్టింది. "పిల్లగాణ్ణి తీసుకొని రా. అన్నం తిందురు."

"ఆదివారం సుత కోతనే సిస్టరమ్మా. కాయ రాలిపోతుందని ఆసామి ఒక్కపూట ఆగనియ్యడు."

"మరి ఏ రోజు ఉండదు?"

ఆలోచించింది. తప్పించుకోవడానికి చెప్పిన మాట కాదని నాకు తెలుసు, నిజంగానే ఆలోచించింది.

"వానొస్తె ఉండదు. వానొచ్చిన రోజు వస్త."

మొహానికి గుడ్డ కట్టుకుని సాల్లోకి వెళ్ళిపోయింది.

క్రాంతికుమార్‌కు కార్డు ఫోటో, నంబరు పంపాను. తేదీ దగ్గర జనవరి ఒకటి అని నా చేత్తోనే రాశాను. "ఓకే అయింది ఆంటీ, ఇక మీకు టెన్షన్ లేదు," అన్నాడు. అవును, ఫారంలో ఇక ఖాళీ లేదు.

ఇది ఫిబ్రవరి. తల్లాడ చుట్టూ కల్లాల నిండా మిర్చి ఆరబోసి ఉంది. ఈ రోజుల్లో నాలుగు చినుకులు పడితే కాయ తెల్లబడుతుంది, రైతు నెత్తిన గుడ్డేసుకోవాల్సిందే. ఇక్కడ వాన అనే మాట ఎవరూ పైకి కూడా అనరు. నేను మాత్రం రోజూ పొద్దున్నే గేటు దాకా వెళ్ళి పడమటి దిక్కు చూస్తున్నాను. ఈస్టర్ ముందు వచ్చే తపస్కాలం మొదలైంది కదా, మొన్న ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్ళి ఆ సంగతి చెప్పాను.

"వాన పడాలని కోరుకుంటున్నాను ఫాదర్."

"అది పాపం ఎలా అవుతుందమ్మా, వాన మంచిదే కదా," అన్నాడు. కేరళ నుంచి కొత్తగా వచ్చాడు, మిర్చి సంగతి తెలియదు.

నేను వివరించలేదు. ఇంటికి వచ్చి ముగ్గురికి సరిపడా బియ్యం ఉన్నాయో లేదో చూసుకున్నాను. ఉన్నాయి. మళ్ళీ గేటు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఎక్కడా మబ్బు లేదు.